ప్లేటు ఫిరాయించిన డాక్టరమ్మ

ప్రాణాపానాలను సమంగా నడిపిస్తూ, ప్రతి హృదయంలోనూ సాక్షియై వెలిగే నారాయణునికి చేతులు జోడించి, ఆయన నిలిపిన ఒక ఊపిరి కథ చెబుతున్నాను.

ఆ అక్కకు అనుమానమే జీవనాధారం. బండి మీద పండ్లు అమ్మే మనిషి. మండీలో ఎవరెన్ని ఒట్లు పెట్టినా, కాయను అరచేతిలోకి తీసుకుని చూడందే బుట్టలోకి ఎత్తదు. తల్లి పోయాక ఆమె చేతుల మీదుగా పెరిగిన తమ్ముడు గోడలకు రంగులు వేస్తాడు. అతడు పరంజా మీదనుంచి జారి ఇటుకల గుట్టపై పడ్డాడని తెలిసినప్పుడు, ఆమె ఏడవడానికి ముందే పరంజా కట్టినవాడిని అనుమానించింది.

ఇప్పుడా అనుమానం ఆసుపత్రిలో డాక్టరమ్మ మీదికి మళ్లింది. కారణం లేకపోలేదు. పక్కటెముకలు విరిగాయనీ, నొప్పికి మందిస్తే వాటంతటవే అతుక్కుంటాయనీ నిన్న చెప్పిన మనిషే, ఈ ఉదయం మంచం పక్కన నిలబడి, ఛాతీ కోసి ఎముకలకు ప్లేట్లు బిగించాలంటున్నది.

“నిన్నొక మాట, ఇవాళొక మాట. వాడికి ప్లేట్లు వేసే సంగతి తరవాత, ముందు మీరే ప్లేటు ఫిరాయించారు కదమ్మా,” అన్నది అక్క.

తమ్ముడు నవ్వబోయి పళ్లు బిగించాడు. “నవ్వించకే అక్కా... డొక్కలు పగిలేలా నవ్వడమంటే... ఏమో అనుకున్నాను.” మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటున్నాడు. పెదవుల రంగు మారింది.

రాత్రి ఎక్కించిన మందేదో వికటించిందనీ, దాన్ని కప్పిపుచ్చడానికే ఈ కోత అనీ అక్కకు తోచింది.

“నొప్పి మందుకు ఆయాసం వస్తుందా?”

“ఎక్కువైతే ఊపిరి మందగిస్తుంది. అందుకే ఆచితూచి ఇచ్చాం. ఈ ఆయాసం దానివల్ల కాదు,” అన్నది డాక్టరమ్మ.

దాచకుండా చెప్పడం కూడా అక్కకు ఒక ఎత్తుగడగానే కనిపించింది.

డాక్టరమ్మ దుప్పటి తొలగించింది. “మీ చెయ్యి ఇక్కడ పెట్టండి. ఆనించండి చాలు, నొక్కకండి.”

తమ్ముడు ఊపిరి పీల్చాడు. ఛాతీ అంతా పైకి లేచింది. అక్క అరచేతి కిందనున్న మేర మాత్రం లోపలికి కుంగింది. వదిలాడు. ఛాతీ దిగింది, ఆ మేర పైకి ఉబికింది.

“అక్కడ వరసగా ఉన్న ఎముకలు ఒక్కొక్కటి రెండేసి చోట్ల విరిగాయి. నడిమి ముక్కకు పట్టు లేదు. నిన్న కండలు బిగబట్టి దాన్ని కదలనివ్వలేదు. అవి నిలబెడతాయనే నేనూ అనుకున్నాను. రాత్రికి అలసిపోయాయి. ఇలాగే వదిలేస్తే మీవాడు ఊపిరి నింపుకోలేడు.”

“ప్లేట్లు వేస్తే?”

“ముక్క నిలుస్తుంది, ఊపిరి ఆడుతుంది. ప్రమాదమే లేదని మాత్రం చెప్పను.”

“ఇటుకలు కదిలిన గోడకి... పైన రంగు పూసి ఊరుకుంటామా అక్కా,” అన్నాడు తమ్ముడు.

“నువ్వు నోరు మూసుకో. ఉన్న ఊపిరి మాటలకు తగలేయకు.” ఆమె డాక్టరమ్మ వంక సూటిగా చూసింది. “సరే, కానివ్వండి. మిమ్మల్ని నమ్మి కాదు, నా చేతికి తగిలినదాన్ని నమ్మి.”

“అది చాలమ్మా.”

ఆపరేషను జరుగుతున్నంతసేపూ అక్క బయట బల్ల మీద కూర్చుని, తలుపు తెరుచుకున్నప్పుడల్లా వచ్చినవారి ముఖాలు చదివింది. ఎవరి చిరునవ్వునూ ఖాతరు చేయలేదు.

మర్నాడు నర్సు వచ్చి, దిండును ఛాతీకి హత్తుకుని గట్టిగా దగ్గమని తమ్ముడికి చెప్పింది.

“కోత పడ్డవాడిని దగ్గమంటావేం? కుట్లు తెగితే?”

“దగ్గకపోతే కఫం లోపలే నిలిచి ఊపిరితిత్తి చెడుతుంది పెద్దమ్మా.”

“నేను నీకు పెద్దమ్మనా? నీ చూపు మీదే నాకు అనుమానంగా ఉంది.”

తమ్ముడు దగ్గాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆపైన అక్క వైపు తిరిగి, “నువ్వు కాసేపు బయటికి పోతావా లేదా, పొద్దున్నుంచీ అందరి ప్రాణాలూ తోడేస్తున్నావు!” అని గుక్క తిప్పుకోకుండా తిట్టాడు.

ఎక్కడా తెగని ఆ మాటను అక్క చివరిదాకా విన్నది. కొంగుతో ముఖం తుడుచుకుని బయటికి నడిచింది.

ఈ కథ విన్నవారందరికీ ఊపిరి నిండుగా ఆడుగాక. వారి ఆప్తులు వారిని తిట్టగలిగినంత ఆరోగ్యంతో చిరకాలం వర్ధిల్లుదురు గాక.