చుట్టలు చుట్టబడును

పది రోజులుగా నా షాపు ఫోను మోగలేదు. మోగిన ఒక్కసారీ అవతలాయన, "మీరు చుట్టలు చుడతారటగా, ఘాటువేనా?" అని అడిగాడు. నేను ఫ్యాన్లు బాగుచేసేవాణ్ణి. ముప్పై ఏళ్లుగా కాలిన మోటార్లకు రాగితీగ చుడుతున్నాను గానీ పొగాకు ఎన్నడూ చుట్టలేదు. ఫోను పెట్టేశాను.

ఇదివరకు ఇంటర్నెట్లో ఫ్యాను రిపేరు అని కొడితే మొదట నా షాపే వచ్చేది. మా అమ్మాయి చేసిపెట్టిన పేజీ అది. ఇప్పుడు నాలుగు పేజీలు తిప్పితే, కోళ్లఫారానికి కింద, పియానో క్లాసులకు పైన కనిపిస్తున్నాను. మొదట ఉన్నది ఎదురువీధి పెద్ద షాపువాడు. వాడే వచ్చి, "ఎందుకన్నా ఈ తిప్పలు? ఒకటో తారీఖు నుంచి మా షాపులో కూర్చో. స్టూలు వేయిస్తా" అన్నాడు. వాడు పని నేర్చుకున్నది నా స్టూలు మీద.

పక్క జిరాక్సు షాపాయన్ని అడిగాను.

"ఆల్గోరిథం మారుంటుందండీ" అన్నాడు.

"అలిగిందా? ఎవరు?"

"అలగడం కాదండీ, ఆల్గోరిథం."

"అలిగితే బతిమాలతాను. ఎవర్ని బతిమాలాలో చెప్పు."

ఆయన లోపల పనుందని వెళ్లిపోయాడు.

ఆదివారం అమ్మాయి వచ్చి ల్యాప్‌టాప్ తెరిచింది. తెర మీద ఒక గీత తిన్నగా పోయి, దభీమని నేలకు దిగింది.

"ఏడో తారీఖు దాకా బాగానే ఉంది నాన్నా. ఎనిమిదిన బావిలో పడింది. ఆ రోజు పేజీలో ఏమైనా ముట్టుకున్నావా?"

"నేను ముట్టుకోలేదు" అన్నాను. అబద్ధం కాదు. ముట్టుకున్నది మా బావగారు.

బావగారంటే మా అక్క మొగుడు, రిటైరైన తెలుగు మాస్టారు. పేజీలో నేను చెప్పినట్టే 'ఫేను రిపేరి' అని ఉండేది. అది చూసి, బంధువులందరి ముందూ, "ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టినవాడి భాష" అని నవ్వారు. నాకు మండింది. మండి, మీరే దిద్దండని పాస్‌వర్డు చేతిలో పెట్టాను.

అమ్మాయి పేజీ తెరిచి పైకి చదివింది. "కప్పు వీవనలు, బల్ల వీవనలు మరమ్మతు చేయబడును. దగ్ధమైన చుట్టలు తొలగించి కొత్త చుట్టలు చుట్టబడును."

"దగ్ధమా? ఎవరు పోయారే?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

"ఫ్యాను పోయిందమ్మా. నాన్నా, ఉక్కపోసి చస్తున్నవాడు వీవన అని కొడతాడా?"

ఆ తర్వాత ఒక జాబితా చూపించింది. ఏడో తారీఖు దాకా జనం ఏ మాట కొట్టి నా దగ్గరికి వచ్చారో అందులో ఉంది. అన్నిటికంటే పైన 'ఫేను రిపేరి'.

"జనం కూడా నీలాగే రాస్తారు నాన్నా."

నా గురించి ఇంత మంచిమాట ఈ ఇంట్లో ఎవరూ అనలేదు.

పాత రాత మళ్లీ పెట్టింది. "వచ్చి ఇంకోసారి చదువుకోమని ఆ వెతికిపెట్టే కంపెనీవాళ్లకి కబురు పెట్టా. వారం పది రోజులు పడుతుంది."

"బతిమాలావన్నమాట."

"అలాగే అనుకో."

రోజూ పొద్దున్నే వెతుక్కున్నాను. కోళ్లఫారం దాటాను. మూడో పేజీ. రెండో పేజీ. నెలాఖరు రోజు ఇంకా వెతకకముందే పెద్ద షాపువాడు దిగాడు.

"ఏమన్నా, రేపు స్టూలు వేయించనా?"

నోరు తెరిచేలోపు ఫోను మోగింది.

"ఏమండీ, ఫ్యాన్లు చేసే షాపేనా? మా ఇంట్లో మూడూ ఒకేసారి పోయాయి."

గొంతు గుర్తుపట్టాను. "బావగారూ, నేనే."

"నీకు చేయడానికి మొహం చెల్లక ఇంకో షాపు వెతికానురా. పేరు చూడకుండా మొదట ఉన్నదాన్ని నొక్కితే నువ్వే తగిలావు."

"ఏమని కొట్టారు?"

"వీవన అని కొట్టాను. తాటాకు విసనకర్రలు చూపించింది."

"ఆ తర్వాత?"

"ఇక్కడ ఉడికిపోతున్నాం, త్వరగా రా."

"ఆ తర్వాత ఏం కొట్టారో చెప్పండి, వస్తాను."

"ఫేను రిపేరి" అన్నారు బావగారు, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా.

స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకుని, నా స్టూలు పెద్ద షాపువాడి వైపు జరిపాను.

"రేపటి సంగతి వదిలేయ్. నేనొచ్చేదాకా ఇక్కడ కూర్చో. ఫోన్లొస్తే రాసిపెట్టు. చుట్టలాయన చేస్తే మాత్రం, మన దగ్గర పొగాకు లేదని చెప్పు."