పిడికెడు జొన్నలు

ఆత్మారాం సేటు మనిషి హన్మవ్వ నెత్తి మీది జొన్నల మూటను గుంజి నడిరోడ్డు మీద కుమ్మరించినప్పుడు, రాజలింగు తన పిండి గిర్ని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. పట్టుమని పది అడుగుల దూరం కూడా లేదు. చూశాడు, ఊరుకున్నాడు. మొదటి తప్పు సేటు మనిషిదైతే రెండోది రాజలింగుది. చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది, అయినా చెప్పాల్సిందే.

"పిండి కావాల్నంటే సేటు భండార్‌ల కొనుక్కోమని చెప్పినమా లేదా? గిర్ని దిక్కు పోతే రేపటి సంది నీకు చెరుకు కోత లేదు," అన్నాడు వాడు. అంటూనే చెప్పుకాలితో జొన్నలను దుమ్ములోకి చిమ్మాడు.

హన్మవ్వ కూర్చుని ఏరుకుంది. చెరుకు బండ్లు ఆమెను తప్పించుకుంటూ పోయాయి. దొరికినన్ని కొంగులో కట్టుకుని, గిర్ని వైపు ఒకసారి చూసి, మాదిగవాడ దారి పట్టింది.

అది అరవై ఏడో సంవత్సరం. బోధన్ దారిలో, చెరుకు తూచే కాంటా పక్కన ఉంది ఆ పిండి గిర్ని. రాజలింగు బాపు పెట్టింది. చుట్టుపక్కల నాలుగూళ్ల జొన్నలు ఆ రెండు రాళ్ల మధ్యే పిండి అయ్యేవి. ఆత్మారాం సేటు చెరుకు కోత కాంట్రాక్టరు. కోత కూలీలంతా ఆయన కిందే. నిజామాబాద్‌లో ఆయనకొక సరుకుల భండార్, నవీపేట్‌లో ఒకటి, ఏర్గట్లలో ఒకటి. అన్నింటికీ ఒకటే గులాబీ రంగు బోర్డు, ఒకటే తీరు అద్దాల బీరువాలు. నిరుడు దసరాకు కాంటా ఎదురుగా ఇంకొకటి తెరిచాడు. ఉప్పు, నూనె, సబ్బు, సంచుల్లో కట్టిన జొన్నపిండి, అన్నీ ఒక్కచోటే. మొదట్లో అన్నీ చవకే. నాలుగు నెలలు తిరక్కుండా సాయన్న తన కిరాణం మూసి నిజామాబాద్ బజారులో హమాలీ పనికి పోయాడు. ఇక మిగిలింది గిర్ని. దాన్ని తనకు అమ్మెయ్యమని సేటు రెండుసార్లు కబురు పెట్టాడు.

రాజలింగు అమ్మలేదు. భార్య రేణుకమ్మ పోయి రెండేళ్లు. ఉన్న ఒక్క బిడ్డ సిరికొండలో కాపురం చేసుకుంటోంది. ఇంజన్ టుకుటుకుమంటూ ఉంటే ఇంట్లో ఇంకో మనిషి తిరుగుతున్నట్టుండేది ఆయనకు. ఇప్పుడు అదీ రోజుకు గంటసేపే. మిగిలిన పొద్దంతా గడపలో కూర్చుని ఎదురుగా గులాబీ బోర్డు కింద జనం మూగడం చూసేవాడు. పలకరించేవాళ్లు లేక ఒక్కోసారి తనతో తనే మాట్లాడుకునేవాడు. యాభై ఏళ్ల మనిషి, ఎంత పాడు బతుకు.

జొన్నలు పారబోసిన రోజే, పొద్దుగూకే వేళ, కాంటా దగ్గర కోత కూలీల సంఘం సభ పెట్టింది. చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే భూమన్న ఆ సంఘానికి పెద్ద.

"సేటు మనతోని చెరుకు కోపిస్తడు. మన కూలి మల్ల ఆయన భండార్‌లకే పోతది," అన్నాడు భూమన్న. "సాయన్నది మూసిండ్రు. రేపు రాజలింగన్నది మూస్తరు. అటెనుక ఆయన ఏం పెడితే గదే తినాలె. అందుకే రేపటి సంది భండార్ గడప ఎవరూ తొక్కద్దు. రాజలింగన్నా, నువ్వూ ఒక మాట చెప్పు."

రాజలింగు ఎన్నడూ సభలో మాట్లాడినవాడు కాదు. తువ్వాలు భుజం మార్చుకుని లేచాడు. "మీరందరు నా గిర్నికే రావాలె. అది మీ గిర్నే అనుకోండ్రి," అన్నాడు.

"మా గిర్నా?"

ఆడవాళ్ల చివర నుంచి హన్మవ్వ లేచింది.

"నీ గిర్నికి ఏడేండ్లు వచ్చిన రాజలింగన్నా. కాపోళ్ల గంపలన్ని అయిపోయేదాక బయట ఎండల నిలవడ్డ. ఆఖరుకు నా జొన్నలు పిండి పడుతుంటివి. పట్టినంక ఏం చేస్తుంటివో నువ్వే చెప్పు."

రాజలింగు మెల్లగా కింద కూర్చున్నాడు.

"నేనే చెప్తా. నా మూటలకెల్లి పిడికెడు జొన్నలు తీసి ఉత్త రాళ్లల్ల పోస్తుంటివి. మాదిగదాని పిండి రాయికి అంటుకున్నది, అది పోవాలె, అటెనుక వచ్చేటోళ్ల పిండిల కలవద్దు అని. ఆ పిడికెడు పిండి తీసి కోళ్లకు చల్లుతుంటివి. నా బిడ్డ తినే పిడికెడు గది."

ఎవరో దగ్గారు. ఆమె ఆగలేదు.

"భండార్‌ల నన్నెవడు బయట నిలవెట్టలే. గడప దాటి లోపలికి పోయిన. పిండి నా చేతుల పెట్టిండ్రు. గంతకే మురిసిపోయిన. అది పురుగులు వట్టిన పిండని నా బిడ్డ కడుపు వట్టుకొని ఏడిస్తే గని తెల్వలే. అందుకే ఇయ్యాల మల్ల నీ దిక్కు వచ్చిన. వస్తే రోడ్డు మీద పోసిండ్రు. నువ్వు సూసుకుంట నిలవడ్డవ్. అటు పోతే గట్ల, ఇటొస్తే గిట్ల. నన్ను ఏడికి పొమ్మంటవ్ భూమన్నా?"

సంఘం పెట్టి మూడేళ్లయింది. కూలి గురించి, కాంటాలో దగా గురించి గొంతులు పోయేలా అరిచారు. ఆ పిడికెడు సంగతి ఎవరి నోటా రాలేదు. మాదిగవాడ ఆడవాళ్లు సభల్లో చివరన ఎందుకు కూర్చుంటున్నారని కూడా ఎవరూ అడగలేదు. సభ ఏమీ తేలకుండానే లేచింది.

రాజలింగు తెల్లారి లేచి ఇంజన్ తుడుస్తుంటే కోళ్లు వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాయి. అలవాటు. బాపు చల్లాడు, తను చల్లాడు. అది తప్పని ఒక్కనాడూ తోచలేదు. ఈ పూట వాటిని తోలేశాడు. తువ్వాలు దులుపుకుని బయలుదేరాడు. పుట్టి బుద్ధెరిగాక మాదిగవాడలోకి పోవడం అదే మొదలు.

హన్మవ్వ జొన్నలు కడిగి చాప మీద ఆరబోసింది.

"జొన్నలు తే హన్మవ్వా, పడత," అన్నాడు.

"తెస్తే నాకు కోత పని ఉండది."

"నాకు కాపోళ్ల గంపలు ఉండయి."

"మరెందుకు వచ్చినవ్?"

ఏదో పెద్ద మాట చెప్పాలనుకున్నాడు గానీ రాలేదు. "ఇంట్ల ఒక్కన్నే ఉండబుద్ధయితలేదు," అన్నాడు. ఆమె ఆయన మొహంలోకి చూసింది.

"మరి పిడికెడు?"

"ఉండది. ఇగ ఎన్నటికి ఉండది."

ఆమె జొన్నలు గంపకెత్తుకుంది.

గిర్ని దగ్గర అప్పటికే నలుగురు కాపు ఆడవాళ్లు గంపలు దించారు. అందరిలో పెద్దది భూమవ్వ. రాజలింగు వాళ్లను దాటి హన్మవ్వ గంప అందుకున్నాడు.

"ఏందిది రాజలింగూ, వరుస తప్పుతున్నవ్," అంది భూమవ్వ.

"ఆమె ఏడేండ్ల సంది నిలవడ్డది అక్కా."

రాళ్లు ఉత్తగా తిరిగితే గరగరమంటాయి. గింజ పడితే ఆ గరగర అణిగి బరువైన చప్పుడవుతుంది. హన్మవ్వ జొన్నలు అయిపోతున్నాయి. రాజలింగు గరగర మొదలు కానీయలేదు. వెంటనే భూమవ్వ గంపకు చెయ్యి చాచాడు.

"పిడికెడు పోసి రాయి కడగవా?" అంది ఆమె.

"కడగ."

నలుగురూ గంపలు ఎత్తుకుని ఎదురుగా ఉన్న భండార్‌లోకి నడిచారు. ఒక్కరూ వెనక్కి చూడలేదు.

ఆ తర్వాత మూడు రోజులు గిర్ని గడప ఎవరూ తొక్కలేదు, హన్మవ్వ తప్ప. ఆమెను కోత నుంచి తీసేశారు. పొద్దున వచ్చి కాసేపు కూర్చునేది. రాజలింగు భుజం నొప్పికి ఇంజన్ హ్యాండిల్ తిరగకపోతే తనే కొంగు బిగించి తిప్పేది. పని లేని ఇద్దరు మనుషులు ఉత్త ఇంజన్ చప్పుడు వింటూ కూర్చునేవాళ్లు.

నాలుగో రోజు మాదిగవాడ నుంచి ఐదుగురు వచ్చారు. ఆ ఐదుగురికీ పని పోయింది. మర్నాడు చెరుకు తోటలో కొమురయ్య కత్తి కింద పడేశాడు.

"పిండి పట్టిచ్చుకున్నందుకు పని తీసేస్తరా? గట్లయితే నాది గూడ తియ్యండ్రి," అన్నాడు.

అతని వెనుక భోజన్న, భోజన్న వెనుక తోటంతా. సాయంత్రానికి రెండు వందల కత్తులు ఆగిపోయాయి. కోసిన చెరుకు బండ్ల మీదే ఎండసాగింది. సంఘం సభ ఈసారి మాదిగవాడలో పెట్టారు. భూమన్న ముందుగా తమ తప్పు ఒప్పుకున్నాడు, ఆ తర్వాతే సేటు పేరెత్తాడు.

ఎనిమిదో రోజు భూమవ్వ గంపతో వచ్చింది. లోపల హన్మవ్వను చూసి గడప బయటే ఆగింది.

"ఆ భండార్ పిండి మా ముసలాయన నోట్ల వెడ్తలేడు. నాది పడతవా?"

"హన్మవ్వ ఎనుక."

"పిడికెడు పోస్తవా?"

"పొయ్య."

భూమవ్వ వెళ్లిపోలేదు. లోపలికి రానూ లేదు. గంప దించి, దాని మీద చెయ్యేసి ఆలోచిస్తూ నిలబడింది. అప్పుడే పోలీసు జీపు వచ్చింది. కోత ఆగడానికి ఈ గిర్నే కారణమని సేటు రాసిచ్చాడు. ఇన్‌స్పెక్టర్ ఇంజన్ ఆపించి రాజలింగును జీపు ఎక్కించాడు.

జీపు కాంటా దగ్గరే ఆగిపోయింది. దారికి అడ్డంగా చెరుకు బండ్లు, వాటి ముందు నేల మీద రెండు వందల మంది కూలీలు.

"రాజలింగన్నను దించి పోండ్రి," అన్నాడు కొమురయ్య.

ఇన్‌స్పెక్టర్ దిగి లాఠీ ఊపుతూ తిట్టాడు. ఎవరూ లేవలేదు. ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య రాజలింగు ఇరుక్కుని కూర్చున్నాడు. ఇక గిర్ని సంగతి ముగిసినట్టే అనుకున్నాడు. బిడ్డకు కబురు చెప్పేదెవరు, కోళ్లను గంప కింద కమ్మేదెవరు అనుకున్నాడు.

అప్పుడు వినిపించింది. టుక్. ఆగింది. మళ్లీ టుక్, టుక్. ఇంజన్ అందుకుంది. ఆ హ్యాండిల్ తిప్పిన చెయ్యి ఎవరిదో ఆయనకు తెలుసు. ఉత్త రాళ్ల గరగర జీపు దాకా వినిపించింది, వెంటనే అణిగింది. హన్మవ్వ జొన్నలు పడ్డాయి. ఆమెది చిన్న గంప, ఇట్టే అయిపోతుంది. అయిపోయాక మళ్లీ గరగర రావాలి, భూమవ్వ పిడికెడు అడగాలి, లేదంటే గంప ఎత్తుకుని పోవాలి. రాజలింగు తల వంచుకుని విన్నాడు.

గరగర రాలేదు. ఆ బరువైన చప్పుడు అలాగే సాగింది, చిన్న గంపకు పట్టేదానికన్నా ఎంతోసేపు.

"పిడికెడు లేకుంటనే భూమవ్వ జొన్నలు పడ్డయి," అన్నాడు రాజలింగు.

"ఏందిరా?" అన్నాడు కానిస్టేబుల్.

వాడికి అర్థం కాలేదు. జీపు ముందు కూర్చున్న కొమురయ్యకు అర్థమైంది. వెనక్కి తిరిగి భోజన్నకు చెప్పాడు. భోజన్న తన వెనుకవాళ్లకు చెప్పాడు. ఆ మాట బండ్ల చివరిదాకా పోయింది. ఇన్‌స్పెక్టర్ లాఠీ ఎత్తాడు. కూలీలు ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చున్నారు.