మేకు లేని వాయిద్యం

ఆదివారం మధ్యాహ్నం మావారి ఆఫీసరుగారు చంకలో చెక్కపలక, చేతిలో చిన్న చెక్కపెట్టెతో గుమ్మంలో ప్రత్యక్షమయ్యేసరికి మావారి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నువ్వు చేసిన వాయిద్యంలాంటిది చెయ్యడం నాకూ నేర్పించవయ్యా. రిటైరయ్యాక టింగుటింగుమనిపించుకుంటూ కూర్చుంటాను," అన్నారాయన. "ఈ పలక మా నాన్నగారి రాతబల్లది. చెదలు తినగా ఇదొక్కటే మిగిలింది."

సంగతేమిటంటే, గూట్లో ఉన్న ఆ ఒంటితీగ వాయిద్యం చేసింది నేను. మొదలుపెట్టింది ఆయనే, కాదనను. రెండు పలకలు కోసి, రెండూ వంకరగా కోసి, రంపాన్ని తిట్టి మంచం కిందికి తోసేశారు. ఆయన ఆఫీసుకు వెళ్ళాక నేను పాత సొరుగు మీద పల్చటి చెక్క అతికించి, చీపురుకర్రను మెడగా పెట్టి, సైకిలు బ్రేకు తీగలోంచి ఒక పోగు లాగి బిగించాను. ఓ రోజు దాన్ని ఈయన ఆఫీసుకు పట్టుకెళ్ళారు. "మీరే చేశారా?" అన్నారట అందరూ. ఈయన ఔననలేదట, కాదనీ అనలేదట. నవ్వారట.

ఆ నవ్వే ఇప్పుడు పలక చంకన పెట్టుకుని ఇంటికొచ్చింది.

మావారు మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వచ్చి, "ముందేం చెయ్యాలే?" అన్నారు గుసగుసగా.

"ముందు నిజం చెప్పాలి."

"పరువు పోతుందే తల్లీ!"

"అయితే పెట్టె మీద పలక పెట్టి మూసెయ్యండి."

దేనితో మూయాలో చెప్పలేదు. సుత్తి ఎక్కడుంటుందో ఆయనకు తెలుసు, జిగురు ఎక్కడుంటుందో తెలియదు. కాఫీ కలుపుతున్నట్టు చెంచా ఆడిస్తూ చెవి మాత్రం హాల్లో పడేసి నిలబడ్డాను.

ఠక్. ఠక్. ఆ తర్వాత ఫట్‌మంది.

నేను వెళ్ళేసరికి పలక నిలువునా చీలి ఉంది. ఆఫీసరుగారు గూట్లోని వాయిద్యాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూశారు. "దీనికి ఒక్క మేకు కూడా లేదేమయ్యా?"

మావారు సుత్తి వంకే చూస్తున్నారు. లోపలి గదిలోంచి మా అత్తయ్య గొంతు లేచింది.

"ఎలా ఉంటుందిరా? మధ్యాహ్నం నేను పడుకుంటే కోడలు చప్పుడు చెయ్యదుగా! జిగురు రాసి పైన పప్పుడబ్బాలు పెట్టింది. కళ్ళు మూసుకుని అంతా చూశాను. నువ్వు సుత్తి పట్టుకుంటే వీధి వీధంతా లేస్తుంది!"

మావారి చెవులు ఎర్రబడ్డాయి. "నేను కాదు సార్. ఈవిడే చేసింది."

నేను గెలిచినట్టే. కానీ ఆఫీసరుగారు పలక చీలిక మీద వేలితో మెల్లగా రాస్తున్నారు. అక్కడొక పాత సిరా మరక, సగం ఇటు, సగం అటు. మొగుడికి బుద్ధి చెప్పడానికి పరాయివాళ్ళ నాన్నగారి బల్ల కావలసి వచ్చిందా నాకు? చేతిలో చెంచా ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"అతుకుతుంది సార్," అన్నాను. నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు. "జిగురు ఆరేదాకా అదిమి పట్టుకోవాలంతే."

"పట్టుకోండి మరి," అని ఆయన కుర్చీలో వెనక్కి వాలారు.

జిగురు తెచ్చి చీలికకు రాశాను. మావారు ఒక అంచు పట్టుకున్నారు. నేను ఎదురుగా నేలమీద చతికిలబడి రెండో అంచు పట్టుకున్నాను. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

కాసేపటికి మావారు నోట్లో నోట్లో గొణిగారు. "మేకు వద్దని ఒక్కమాట అనుంటే..."

"తెలిసే అనలేదు," అన్నాను, ఆఫీసరుగారికి కూడా వినపడేలా.