పెట్టెలో ఏముంది

“అక్కడ సాలీళ్ళు అరచెయ్యంత ఉంటాయట. దొడ్డికెళ్ళి కూర్చుంటే కిందనుంచి కుట్టేస్తాయట. కుడితే ఆస్పత్రేమో ఎక్కడో ఊరవతల. ఎవరు తీసుకెళ్తారే నిన్ను?”

మేషియా ఈ మాట గాలిలోకి అన్నట్టే అంది గాని, వినవలసిన మనిషి ఎదురుగానే ఉంది. కూతురు యున్‌చెన్ నేల మీద మఠం వేసుకుని కూర్చుని, నూడుల్స్ పొట్లాలు ఒక్కొక్కటే విప్పి, లోపలున్న మాంసం మసాలా కవర్లు ఏరి పక్కన పడేస్తోంది.

“నీ కూతుర్నమ్మా నేను. నన్ను కుడితే ఆ సాలీడే చస్తుంది.”

“నోర్ముయ్. బయల్దేరే ముందు చావు మాటలా!”

“ఇప్పటిదాకా చంపింది నువ్వే కదే,” అన్నాడు కుర్చీలో కాళ్ళు చాపుకుని టీవీ చూస్తున్న చిన్‌షుయ్. తైపీకి కొండ ఇవతలున్న లోతుంగ్ ఊళ్ళో ఆయన సిటీ బస్సు నడుపుతాడు. రోజంతా ప్రయాణికుల సణుగుడు విన్న చెవులు గనక ఇంట్లో భార్య సణుగుడు ఆయనకు వానచప్పుడుతో సమానం. “చెన్, ఆ మసాలా కవర్లు పారెయ్యకు. నేను గంజిలో వేసుకుంటా.”

“నూడుల్స్‌లో మాంసం పొడికి కూడా భయపడే దేశం అదేం దేశమే?” మేషియా వదల్లేదు. “అంత పెద్ద దేశానికి చిటికెడు పొడి ఏం చేస్తుంది?”

“వాళ్ళ పశువులకి జబ్బులొస్తాయని భయం. గుడ్డు, మాంసం, పళ్ళు ఏవీ రానివ్వరు. అందుకే చెప్తున్నా, నాకు తెలీకుండా పెట్టెలో ఏమీ పెట్టకు. ఏదన్నా దొరికితే నా పని అయిపోతుంది.”

“ఊ,” అంది మేషియా.

యున్‌చెన్‌కి ముప్పై నిండాయి. చదువు ముగిసిన దగ్గర్నుంచీ పళ్ళ డాక్టరు దగ్గర కౌంటర్లో కూర్చుని, నొప్పితో వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంటూ గడిపింది. ఒకనాడు అన్నం తింటూ, ఏడాది పాటు ఆస్ట్రేలియాలో పని చేసుకుంటూ తిరిగే వీసాకి పెట్టానని చెప్పింది. వచ్చే పుట్టినరోజు దాటితే ఆ వీసా ఇవ్వరట, జన్మలో మళ్ళీ దొరకదట. టాస్మేనియా అనే దీవిలో ఎవరిదో బెర్రీ పళ్ళ తోట, అక్కడ పళ్ళు కోసే పని. మన దీవిలో పళ్ళు లేవా అని తల్లి అడిగింది. ఉన్నాయి గాని ఇక్కడ కోసేది నేను కాదు కదా అంది కూతురు. ఆ జవాబు మేషియాకి ఈనాటికీ అర్థం కాలేదు. అర్థమైందల్లా ఒకటే, పిల్ల వెళ్ళిపోతోంది.

వద్దని ఒక్కనాడూ అనలేదు. ఎండకు తోలు ఊడిపోతుందని, ఇక్కడిలా కాక ఎడమపక్కన వచ్చే కార్లు గుద్దుతాయని, తోట యజమాని గదికి బయట గొళ్ళెం పెడతాడని మాత్రం అంది. చివరికి కరెంటు కుక్కర్ పట్టుకెళ్ళకపోతే విమానం ఎక్కనివ్వనని పట్టు పట్టింది. యున్‌చెన్ తూకం చూసుకుని, రెండు స్వెట్టర్లు తీసేసి, నిండు కుండంత ఆ కుక్కర్ని పెట్టె నడిమధ్యన కూర్చోబెట్టింది.

సాయంత్రం యున్‌చెన్ స్నేహితురాళ్ళతో భోజనానికి వెళ్ళింది. మేషియా ఇల్లంతా ఒకసారి కలియజూసి, వంటింటి అలమారులోంచి రెండు పొట్లాలు తీసింది. సందు చివరి కొట్టులో, కళ్ళెదుటే పంది మాంసాన్ని దూదిలా విడిపోయేదాకా వేయించి ఇచ్చే పొడి అది. చిన్నప్పుడు జ్వరమొస్తే యున్‌చెన్ ఇంకేదీ ముట్టేది కాదు. గంజి మీద ఆ పొడి ఇంత చల్లితే మాత్రం గిన్నె నాకేసేది. అక్కడ జ్వరమొస్తే? ఒంటరిగా, తెలియని గదిలో, నోటికి ఏదీ రుచించక పడి ఉంటే? మేషియా పొట్లాలని తువ్వాల్లో చుట్టి, కుక్కర్లో పెట్టి, మూత బిగించింది. పెట్టె మళ్ళీ ఎలా ఉన్నదో అలా సర్దింది. ఆ పిల్ల మళ్ళీ దాన్ని విప్పదు, తూకం వేసి పక్కన పెట్టేసింది కదా. ఇన్ని నెలల్లో మొదటిసారి మేషియా గుండెలో కాస్త చల్లగా అనిపించింది.

మర్నాడు ప్రయాణం మధ్యాహ్నానికి. ఉదయం ఎప్పటిలాగే మేషియా తన టిఫిను కొట్టు తెరిచింది. గుడ్డట్టు తిప్పుతుంటే, పక్కన సోయా పాలమ్మే లియావ్ అక్క గరిటె ఊపుకుంటూ వచ్చింది.

“పిల్ల ప్రయాణం ఇవాళేగా? పెట్టె బాగా వెతికావా?”

“ఏం వెతకాలి?”

“మా ఆడపడుచు కొడుకు సంగతి తెలీదూ? వాడూ అక్కడికే వెళ్ళాడు. వాళ్ళమ్మ తెలివైంది కదా, చలికోటు చేతిలో సాసేజీలు దాచింది! విమానం దిగాడో లేదో, కుక్క ఒకటి వచ్చి పెట్టె పక్కన చతికిలబడిందట. మొరగలేదట కూడా. మహా మర్యాదగల కుక్క. అంతే, పెట్టె విప్పారు. దిగేముందు ఇచ్చే కాగితంలో ఏమీ లేదని రాశావు, లోపలేమో ఉంది అని వీసా రద్దు చేసి, తిరుగు విమానంలో కూర్చోబెట్టి పంపారు. ఊరు చూసింది లేదు, పాడూ లేదు.”

“తిరుగు విమానమా? ఇంటికేనా?”

“మరెక్కడికి? మర్నాటికల్లా ఇంట్లో ఉన్నాడు. ఒసే, అట్టు మాడుతోందే!”

మేషియా మాడిన అట్టు తీసి పక్కన పడేసింది. మొదట కొట్టు కట్టేసి, పరుగున ఇంటికెళ్ళి పెట్టె విప్పాలనుకుంది. తర్వాత పెనం మీద ఇంకో గుడ్డు కొట్టింది. అది ఉడికే లోపల ఇంకో ఆలోచన వచ్చింది. మర్నాటికల్లా ఇంట్లో ఉన్నాడట. సాలీళ్ళు లేవు, ఎడమపక్క కార్లు లేవు, గొళ్ళెం పెట్టే యజమాని లేడు. ఎవరికీ ఏమీ కాలేదు. పిల్లవాడు క్షేమంగా తల్లి దగ్గరికి తిరిగొచ్చాడు. నేనేం కావాలని చేశానా? ప్రేమతో పెట్టాను. ఆ కుక్కేదో దాని పని అది చేసుకుంటుంది. నేను చెయ్యవలసిందల్లా ఊరుకోవడం.

ఊరుకుంది. ఇంటికొచ్చి, ప్రయాణం చేసేవాళ్ళకు పెట్టే పంది కాలి మాంసంతో సన్న నూడుల్స్ వండింది. నూడుల్స్ ఎంత పొడుగుంటే ఆయుష్షు అంత, తెగకుండా తినవే అని కూతురికి పదే పదే చెప్పింది. వంటింట్లో గిన్నెలు కడుగుతూ కూనిరాగం తీసింది.

“మీ అమ్మ పాడుతోంది,” అన్నాడు చిన్‌షుయ్ కూతురితో రహస్యంగా. “డాక్టరుకి చూపిద్దామా?”

తమ్ముడి కారు అడిగి తెచ్చాడు చిన్‌షుయ్. పెట్టె వెనక పడేసి, తల్లీకూతుళ్ళు వెనక సీట్లో కూర్చున్నారు. సముద్రం పక్కకు తప్పుకుంది, వరిపొలాలు అయిపోయాయి, కొండ దగ్గరికొచ్చింది. యున్‌చెన్ ముఖం వెలిగిపోతోంది. ఫోను ఒళ్ళో పెట్టుకుని, ఆస్ట్రేలియా అధికారి అడిగే ప్రశ్నలకు జవాబులు వల్లె వేసుకుంటోంది.

“మాంసం లేదు. గుడ్లు లేవు. విత్తనాలు లేవు. పెట్టె నేనే సర్దుకున్నాను.” నవ్వింది. “నాన్నా, ఆ అధికారిలాగ గట్టిగా అడుగు, ఏదీ.”

“ఏయ్ అమ్మాయ్,” అన్నాడు చిన్‌షుయ్ గొంతు మార్చి, “పెట్టెలో ఏముంది?”

“కుక్కరుందండీ. మా అమ్మ భయాలన్నీ అందులోనే ఉన్నాయండీ.”

ఇద్దరూ పగలబడి నవ్వారు. మేషియా కిటికీలోంచి బయటికి చూసింది.

షుయేషాన్ సొరంగం నోరు కనబడింది. కొండ కడుపులోంచి తైపీ వైపు తీసుకుపోయే ఆ సొరంగంలోకి దూరితే ఎంతకీ బయటపడం. కారు లోపలికి వెళ్ళింది. పసుపు దీపాలు ఒకదాని వెనక ఒకటి యున్‌చెన్ ముఖం మీదుగా జారిపోతున్నాయి.

“అమ్మా, ఒక మాట అడుగుతా, కోప్పడకు,” అంది యున్‌చెన్. నవ్వు తగ్గింది. “నిజం చెప్పనా, నీకంటే నాకే ఎక్కువ భయంగా ఉంది. వెళ్తే ఎలాగో అని కాదు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చేస్తానేమోనని. ఇంక మళ్ళీ వెళ్ళడానికుండదు కదా. పెట్టెలో నువ్వేమైనా పెట్టావా? లేదంటే లేదనే సంతకం పెట్టేస్తాను. విప్పి చూడను కూడా. నీ మాట చాలు నాకు.”

చిన్‌షుయ్ అద్దంలోంచి ఒకసారి భార్యని చూసి, కళ్ళు మళ్ళీ రోడ్డు మీదికి తిప్పుకున్నాడు.

లేదు అనడం ఎంతసేపు? ఒక్క మాట. ఆ మాట అన్నాక జరిగేది ఆమె కళ్ళకు కట్టింది. కళ్ళకు కట్టడం ఆమెకు బాగా అలవాటైన పని. పెద్ద హాలు. కుక్క వచ్చి మర్యాదగా కూర్చుంటుంది. ఏమీ లేదండీ, మా అమ్మనడిగాను అంటుంది యున్‌చెన్, ధీమాగా. కుక్కర్ మూత తీస్తారు. తువ్వాలు విప్పుతారు. ఆ పొట్లం మీద సందు చివరి కొట్టు ముద్ర చూసి పిల్ల ముఖం ఎలా మారుతుందో మేషియా చూసింది. మర్నాడు ఇంటికొస్తుంది. క్షేమంగానే వస్తుంది. గంజి పెడితే తింటుంది. మళ్ళీ కౌంటర్లో కూర్చుని పేర్లు రాసుకుంటుంది. ఎదురుగా ఉంటుంది, అడిగిన దానికి ఊ అంటుంది, అంతే. ఇన్నేళ్ళూ తను భయపడ్డ ఆపదలు ఎవరెవరివో ముఖాలు వేసుకుని వచ్చేవి. సాలీడు, డ్రైవరు, యజమాని. ఇప్పుడొస్తున్న దానికి తన ముఖమే ఉంది.

“అమ్మా?”

సొరంగం సాగుతూనే ఉంది. యున్‌చెన్ ఇంక అడగలేదు. తల్లి చెయ్యి మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, తల వెనక్కి వాల్చింది. లేదన్నట్టే అనుకుందేమో. ఆ చెయ్యి చల్లగా ఉంది. చెమట పట్టి ఉంది. నిజంగానే భయపడుతోంది పిల్ల. భయపడుతూనే వెళ్తోంది. అలా కూడా వెళ్ళొచ్చని మేషియాకి ఇన్నేళ్ళలో ఒక్కసారీ తోచలేదు.

ముందు దూరంగా వెలుగు చుక్కలా కనిపించింది. పెద్దదైంది. కారు ఒక్కసారిగా పగటిలోకి వచ్చింది. వాన వెలిసి కొండలన్నీ పచ్చగా మెరుస్తున్నాయి. చిన్‌షుయ్ కళ్ళు చికిలించి ఎండ తెర దించుకున్నాడు.

“ఏవండీ, షిదింగ్ దగ్గర కార్లు ఆగే చోట కాస్త బండి ఆపండి,” అంది మేషియా. తర్వాత కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. “కుక్కర్లో ఉన్నాయే. మాంసం పొడి, రెండు పొట్లాలు. తువ్వాల్లో చుట్టి నేనే పెట్టాను. తీసేద్దాం. ఆ ఖాళీలో స్వెట్టర్ పెట్టుకో, నేను తొడుక్కున్నదే ఇస్తాను. అక్కడ చలట.”