చింతపండుకు లొంగని రాగి రేకు

ఇటు రండి, దగ్గరగా కూర్చోండి. ఆ మూల గుసగుసలు కూడా ఆపండి, నా గొంతు అసలే సన్నం.

నేను ఒక రాగి రేకుని. వేలిగోరంత ఉంటాను. మిల్లులో రోలర్ల కింద నలిగినప్పుడు నేను పెట్టిన కేకకు సముద్రం ఆమడ దూరం వెనక్కి పోయింది. నమ్మడం, మానడం మీ ఇష్టం. ఆ తర్వాత ఒక దుకాణంలో చుట్టగా పడి ఉండి, చివరికి విశాఖపట్నంలో ఒక కాలేజీ ల్యాబులో పరిశోధన చేసే అరుంధతి చేతికి చిక్కి, కత్తెర కింద ఇంత ముక్కనయ్యాను.

అరుంధతిది ఒకటే పట్టు. నా ఒంటి మీద కంటికి ఆననంత సన్నటి తీగలు మొలిపించాలి. విషవాయువును అవి ఇట్టే పసిగడతాయట. తీగలు మొలిపించే యంత్రంలోకి నాకు ముందు వెళ్లిన రేకులన్నీ మాడి పొరలుగా ఊడిపోయాయి. ఆ మధ్యాహ్నం ప్రొఫెసరుగారు వస్తారు. తీగలు చూపించకపోతే ఆ యంత్రం వేరేవాళ్లకు వెళ్లిపోతుంది.

అరుంధతి నన్ను యంత్రంలోని గాజు గొట్టంలో పెట్టి, గాలంతా తోడేసి, కాస్త ఆక్సిజన్ వదిలి కరెంటు ఇచ్చింది. పిడుగును సీసాలో పెంచుకున్నట్టు లోపల ఒక వెలుగు ఆరకుండా నిలిచింది. ఆ వేడికి నాలోని రాగి పైకి ఎగబాకి, ఆక్సిజన్‌తో చెయ్యి కలిపి తీగలై లేచింది. బయటికొచ్చేసరికి నల్ల మఖమలులా ఉన్నాను.

అరుంధతి మైక్రోస్కోపు గది తాళం కోసం వెళ్లింది. ఈలోగా ల్యాబు ఊడ్చే సింహాచలమ్మ నన్ను చూసింది. నల్లబడిన రాగి కంటపడితే ఆవిడ చెయ్యి ఊరుకోదు. క్యాంటీన్ నుంచి చింతపండు తెచ్చి, ఉప్పు చల్లి తోమేసింది.

"సింహాచలమ్మా, ఏం చేశావు?" తాళంతో తిరిగొచ్చిన అరుంధతి అరిచింది.

"పెద్దోలొస్తన్నారు కదమ్మా, తోమీసినాను. సూడు, అద్దంనాగుంది."

మనుషులు చిత్రమైనవాళ్లు. మెరిసేదాన్ని నల్లగా చేయడానికి ఒకరు, నల్లనిదాన్ని మెరిపించడానికి ఇంకొకరు, ఇద్దరికీ చెమటలే.

అరుంధతి సొరుగులన్నీ వెతికింది. ఇంకో రేకు లేదు. సిలిండర్లో ఆక్సిజన్ అడుగంటింది.

"నువ్వే కడుగు," అంది సింహాచలమ్మతో. "పులుపన్నది మిగలకూడదు. మళ్లీ పెడదాం."

ఈసారి నేనూ పట్టు పట్టాను. సిలిండరు ముల్లు సున్నాకు జారుతోంది, వెలుగు రెపరెపలాడుతోంది. అరుంధతి వాల్వు మీంచి చెయ్యి తీయలేదు. నేను పళ్లు బిగించి, ఒంట్లో ఉన్న రాగినంతా పైకి తోశాను.

మైక్రోస్కోపు తెర మీద నన్ను చూసి ప్రొఫెసరుగారు కళ్లజోడు సవరించుకున్నారు. సందు లేకుండా నిక్కబొడుచుకున్న తీగలు.

"యంత్రం ఇక్కడే ఉండనీ అమ్మా," అన్నారు.

అరుంధతి అప్పుడు గానీ కూర్చోలేదు.

గుమ్మంలోంచి తొంగిచూస్తున్న వాచ్‌మన్ అప్పన్న టోపీ తీసి, నున్నటి బుర్ర తడుముకున్నాడు.

"అరుందతమ్మా, రాగి మీదే ఇంత ఒత్తుగా మొలిపించినావు. నా బుర్ర కూడా ఓపాలి ఆ గొట్టంలో ఎట్టీయమ్మా."