నమ్మించే గొంతు

"వండింది నువ్వు, థాంక్సులు ఆయనకా?" కంచం ముందు ప్రార్థనకని నేను కళ్ళు మూసుకున్న ప్రతిసారీ మా ఆయన అనే మాటే ఇది. పెళ్ళయిన కొత్తలో నవ్వుతూ అనేవాడు, ఇప్పుడు విసుక్కుంటూ అంటాడు. పోనీ ఆ థాంక్సులు నాకైనా ఏనాడైనా చెప్పాడా అంటే అదీ లేదు! అత్తయ్య ఇంకో రెండాకులు ఎక్కువే చదివింది. "ప్రార్థనలూ గీర్థనలూ నీవరకే ఉంచుకో, పిల్లదాని బుర్రకెక్కించకు" అంటుంది. ఇన్ని మాటలనే ఇంట్లో, ఆఫీసు ఎగ్గొట్టాలనిపించిన రోజు మా ఆయన ఫోను తెచ్చి నా చేతిలో పెడతాడు. "నాకు జ్వరమని చెప్పు. నువ్వు చెబితే నమ్ముతారు." చెప్పనంటే ఆ రోజంతా తల్లీకొడుకుల మూతులు మూడు వంకర్లు. నా దేవుడు వీళ్ళకి అక్కర్లేదు, ఆ దేవుడి భయంతో నేను సంపాదించుకున్న నమ్మకం మాత్రం కావాలి.

పనిలోనూ అదే తంతు. నేను చేసేది ముసలివాళ్ళని చూసుకునే హోములో. పక్కలు మార్చడం, స్నానాలు చేయించడం. అక్కడ ఎవరు పోయినా ఇంటివాళ్ళకి చెప్పే మాట ఒకటే: "నిద్రలోనే ప్రశాంతంగా వెళ్ళిపోయారు." నా మెడలో సిలువ చూసి, "మదరు వచ్చింది, నోళ్ళు కడుక్కోండర్రా" అని ఎగతాళి చేసే పెద్ద నర్సు, ఆ మాట చెప్పాల్సి వస్తే నన్నే ముందుకి తోస్తుంది.

చివరి గదిలో టీచరమ్మ ఉండేది. ఒకప్పుడు బడిలో చెప్పిందట, అందుకని అందరికీ టీచరమ్మే. దిండు జారిందని, కిటికీ వెయ్యమని, ఏమీ లేకపోతే కాసేపు కూర్చోమని గంట నొక్కేది. "చెవులు చిల్లులు పడుతున్నాయి తల్లీ" అని నర్సు ఆ గంట మోగకుండా చేసింది. నొక్కితే తలుపు మీద ఎర్రదీపం మాత్రం వెలుగుతుంది, అటుగా వెళ్ళేవాళ్ళుంటే కనిపిస్తుంది. మొన్న పొద్దున నేను డ్యూటీకి వెళ్ళేసరికి దీపం వెలుగుతూ ఉంది. టీచరమ్మ నేలమీద ఉంది, ఒళ్ళు చల్లబడిపోయి. గంట బటన్ గుప్పిట్లోనే ఉంది. ఆ వేళ్ళు విడదీసింది నేనే.

అప్పట్నుంచీ ఆ మోగని గంట నాకు వినిపిస్తోంది. గిన్నెలు తోముతుంటే, పిల్లకి జడ వేస్తుంటే. ఇవాళ టీచరమ్మ కూతురు వస్తుందని తెలిసి, నిన్న ఉండబట్టలేక ఇంట్లో చెప్పాను. "నిజం చెప్పి ఉద్యోగం ఊడగొట్టుకుంటావా? సత్యం కూడు పెడుతుందా?" అన్నాడు మా ఆయన. "ఆ కూతురికి మాత్రం మనశ్శాంతి వద్దూ?" అంది అత్తయ్య. ఆ మాట నన్ను పీక్కు తింది. అబద్ధం చెప్పడమే దయేమో! రాత్రి మోకరిస్తే ప్రార్థన రాలేదు. భయమేసింది, చచ్చేంత భయం. రేపు ఆ అబద్ధం ఆడబోయే నోటితో ఇవాళ ప్రభువా అని ఎలా పిలవను? ఈ ఇంట్లో నేనేమన్నా ఎవరికీ వినిపించదు. వినేది ఆయనొక్కడే. ఆయన దగ్గర కూడా నా గొంతు పోతే నాకింకేం మిగులుతుంది?

ఇవాళ టీచరమ్మ కూతురు సామాన్ల కోసం వచ్చింది. తల్లి శాలువా మడతపెడుతూ, "అమ్మ నిద్రలోనే కదండీ?" అని నర్సుని అడిగింది.

"మొదట చూసింది ఈవిడే. ఈవిణ్ణే అడగండి" అంది నర్సు, నా భుజం మీద చెయ్యేసి. "దేవుడి మనిషి. ప్రాణం పోయినా అబద్ధమాడదు."

నేను కూతురి వైపు తిరిగాను.

"కాదమ్మా. నేను వెళ్ళేసరికి నేలమీద ఉంది. గంట నొక్కి పట్టుకునే ఉంది. మోగకుండా ఇక్కడివాళ్ళే ఆపేశారు దాన్ని."

నర్సు చెయ్యి నా భుజం మీంచి లేచిపోయింది. కూతురు నన్ను కొడుతుందేమో అనుకున్నాను. కొట్టలేదు, తిట్టలేదు. శాలువా ఒళ్ళో పెట్టుకుని ఆ మంచం మీదే కూలబడింది.

"చాలాసేపు పిలిచిందా?"

"తెలీదమ్మా. వినడానికి ఎవరూ లేరు."