పన్నెండు ట్యూబులూ షార్టే

అమెరికాలోని సన్నీవేల్‌లో పాత రేడియోల విషయంలో తనను మించినవాడు లేడని శ్యామ్‌సుందర్ నమ్మకం. దసరా మర్నాడు, పాత రేడియో సామాన్లమ్మే వాల్టర్ దగ్గర కొన్న పన్నెండు వాక్యూమ్ ట్యూబులనూ ట్యూబ్ టెస్టర్లో పెడితే అన్నీ షార్టయి పాడైనట్టే చూపించాయి. వెంటనే ఫోన్ చేసి ఆ ముసలాయనను మోసగాడన్నాడు.

గంటలో వాల్టర్ తన సొంత ట్యూబుతో వచ్చాడు. టెస్టర్ దాన్నీ షార్టంది.

"చూశారా, మీ సరుకే అంత," అన్నాడు శ్యామ్‌సుందర్.

"ఇది పొద్దున నా రేడియోలో పాడింది," అంటూ వాల్టర్ టెస్టర్ సాకెట్లో దూది తిప్పాడు. దూది పసుపుపచ్చగా తడిసింది.

"ఆయుధపూజ పసుపు," అంది అతని భార్య జయంతి, వంటింట్లోంచి వచ్చి. "పెట్టెకి బొట్టు చాలన్నాను. అసలు పనిచేసేది సాకెట్టేనని ఈయన లోపలా తడిపసుపు పూశారు."

తుడిచి ఆరబెట్టాక ట్యూబులన్నీ బాగున్నాయని తేలింది. శ్యామ్‌సుందర్ ఏదో గొణిగాడు.

"మోసగాడని గట్టిగానే అరిచారుగా," అంది జయంతి తెలుగులో. "సారీ కూడా అంతే గట్టిగా చెప్పండి."